ఉప్పెనకు వార్షికోత్సవమా?

సందేహం: దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లను తలచుకుంటూ మేం కొందరం కలిసి ఒక సభ పెడుతున్నాం. ఫ్లెక్సీ మీద ‘1977 నవంబర్ 19 – చారిత్రాత్మక సంఘటన – చిరస్మరణీయ దినం – దివిసీమ ఉప్పెన వార్షికోత్సవ సభ’ అని రాయించాం. రిటైరైన తెలుగు మాస్టారొకరు చూసి, ‘చారిత్రాత్మక’ తప్పన్నారు, ‘సంఘటన’ కూడా తప్పన్నారు. ఇంతకాలం పత్రికల్లో చదువుతున్న మాటలే కదా, ఏది తప్పు? ఏం రాయాలి?

సమాధానం: మాస్టారు పట్టుకున్న రెండు తప్పుల్లో ఒకటి తప్పే, రెండోది కాదు. ఆయన పట్టించుకోకుండా వదిలేసింది మరొకటి ఉంది, నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. వరసగా చూద్దాం.

‘చరిత్ర’కు సంబంధించినది అని చెప్పడానికి సంస్కృతంలో ‘ఇక’ ప్రత్యయం చేరుస్తారు. అది చేరితే మాటలో మొదటి అచ్చు సాగుతుంది. ధర్మం – ధార్మికం, సమాజం – సామాజికం, పురాణం – పౌరాణికం. ఆ లెక్కన చరిత్ర – చారిత్రికం. తెలుగులో ‘చారిత్రక’ అన్న రూపం స్థిరపడిపోయింది, దాన్ని ఇప్పుడు కదిలించి ఎవరికీ లాభం లేదు. ‘ఆత్మక’ దారి వేరు. అది ‘ఆ స్వభావం కలది’ అనే అర్థంలో సమాసం చివర వచ్చి కూర్చుంటుంది తప్ప ముందున్న మాట జోలికి పోదు. హింసాత్మకం, వర్ణనాత్మకం, విమర్శనాత్మకం. ‘హైంసాత్మకం’ అని ఎవరైనా అంటారా? అనరు. అలాగే చరిత్ర + ఆత్మక = చరిత్రాత్మకం. ‘చారిత్రాత్మక’ అన్నప్పుడు ‘ఇక’ చేయాల్సిన దీర్ఘాన్ని తెచ్చి ‘ఆత్మక’ నెత్తిన పెడుతున్నాం. రెండు మందులు ఒకే గ్లాసులో కలిపి తాగినట్టు.

అయితే ఈ తప్పు ఎందుకు అంత గట్టిగా నిలబడిందో కూడా చూడాలి. జనానికి రెండు అర్థాలు కావాలి. పాత కోట గురించి చెప్పడానికి ఒక మాట, చరిత్ర గతిని మార్చిన తీర్పు గురించి చెప్పడానికి ఇంకో మాట. మొదటిదానికి ‘చారిత్రక’ ఉంది. రెండోదానికి కాస్త బరువైన మాట వెతికి ‘చారిత్రాత్మక’ పట్టుకున్నారు. ఆ అవసరం న్యాయమైనదే కాబట్టి నా సలహా ఇది: చారిత్రక కట్టడం, చరిత్రాత్మక తీర్పు. ఒక దీర్ఘం తీసేస్తే చాలు.

‘సంఘటన’ విషయంలో మాత్రం మాస్టారితో ఏకీభవించలేను. సంస్కృతంలో ఆ మాటకు కూర్చడం, కలపడం అనే అర్థం ఉన్నమాట నిజమే. ‘సంఘటిత కార్మికులు’ అన్నప్పుడు అది మనకూ కనిపిస్తుంది. కానీ తెలుగులో తరాలుగా ‘సంఘటన’ అంటే జరిగినది. మూలంలో వేరే అర్థం ఉందని మన అర్థాన్ని కొట్టేస్తే, ‘వర్ధంతి’ని ఏం చేస్తాం? ఆ మాటకు మూలం ‘వృధ్’, అంటే పెరగడం. పక్కనే కన్నడంలో రాజుగారి పుట్టినరోజును వర్ధంతి అన్నారు. మనం పోయిన రోజును అంటున్నాం. మాట వచ్చిన ఊరు ఒకటి, కాపురం ఉన్న ఊరు ఇంకొకటి.

ఇక ‘చిరస్మరణీయం’. ఇది వ్యాకరణం తప్పు కాదు, తూకం తప్పు. ‘అనీయ’ చేరితే ‘తగినది’ అని అర్థం. దర్శనీయం చూడదగినది, శోచనీయం దుఃఖించదగినది, స్మరణీయం తలచుకోదగినది. తెలుగువాడికి ‘స్మరణ’ అనగానే నామస్మరణ గుర్తొస్తుంది. అందులో భక్తి ఉంది, ప్రీతి ఉంది. ఆ రాత్రి నలుగురిని చెట్టెక్కించి తాను కొట్టుకుపోయిన మనిషి ఉంటే అతను చిరస్మరణీయుడు. అతన్ని మింగిన నీళ్లు కావు. ‘మరపురాని’ కూడా ఇక్కడ నప్పదు. మరపురాని పాటలు, మరపురాని అనుభూతులు అని వాడీవాడీ దానికి తీపి అంటుకుంది. ‘మరిచిపోలేని రోజు’ అనండి. మామూలు మాటే, కానీ అబద్ధం లేదు.

‘ఉప్పెన’ అని రాశారు, సంతోషం. చాలామంది ‘దివిసీమ తుఫాను’ అని రాస్తున్నారు. తుఫానంటే గాలీ వానా. ఉప్పెనంటే ఆ గాలి తోసుకొచ్చిన సముద్రం ఊరి మీద పడటం. ఆ శనివారం సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లను తుడిచిపెట్టింది ప్రధానంగా సముద్రమే. 1864 నవంబర్ 1న బందరులో దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నదీ ఉప్పెనే. తీరప్రాంతపు మనిషికి ఈ రెండు మాటల మధ్య తేడా నిఘంటువు చూసి తెలుసుకునేది కాదు. దివిసీమలో వయసు చెప్పమంటే ‘ఉప్పెన నాటికి నాకు పదేళ్లు’ అంటారు. తుఫానులు ఎన్నో వస్తాయి కాబట్టి ‘తుఫాను నాటికి’ అంటే ఏ తుఫానని అడగాలి.

జనం తమ కష్టాలకు పెట్టుకున్న పేర్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి, ఒక్క విశేషణం కూడా ఉండదు. 1832–33లో గుంటూరు ప్రాంతంలో వచ్చిన కరువులో అయిదు లక్షల జనాభాకు రెండు లక్షల మంది పోయారని అంచనా. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువన్నారు. డొక్కల కరువు అని కూడా అన్నారు. డొక్క ఎండటం అంటే ఏమిటో తెలిసినవాడికి ఆ పేరు విప్పి చెప్పక్కర్లేదు. 1876లో మొదలైనది ధాత కరువు, అదీ సంవత్సరం పేరే. వీటిలో దేన్నీ ఎవరూ ‘మహా విషాద చరిత్రాత్మక కరువు’ అనలేదు.

నందన కరువప్పుడు గుంటూరులో ఉద్యోగం చేసిన ఒక దొర మీకు తెలిసినవాడే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, మన నిఘంటువు బ్రౌను. పైవాళ్లకు ‘కొరత’, ‘ధాన్యం చాలకపోవడం’ లాంటి మెత్తని మాటలు ముద్దు. ఆయన తన రాతల్లో కరువును కరువు అనే రాశాడు. వాళ్లకు ఆయన మీద కోపం రావడానికి ఈ మాట కూడా ఒక కారణం. 1834లో ఉద్యోగం నుంచి తీసేస్తే ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. నిఘంటువు రాసే మనిషి ఒక మాట మార్చనందుకు కష్టాలు కొనితెచ్చుకోవడం నాకెందుకో భలే సబబుగా అనిపిస్తుంది.

మాట మెత్తబడితే ఏం పోతుందో ఇంకో చోట చూపిస్తాను. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో జరిగినదాన్ని మన పాఠ్యపుస్తకాలు ‘దురంతం’ అంటాయి. మంచి ఎంపిక. ‘దుర్ఘటన’ అంటే చెడ్డది ఏదో జరిగిపోయింది, చేసినవాడు కనబడడు. బస్సు లోయలో పడితే దుర్ఘటన. ‘ఉదంతం’ అంటే వృత్తాంతం, అందులో మంచీ లేదు చెడూ లేదు. ‘దురంతం’ అనగానే తెలుగు చెవికి చేసినవాడు కనబడతాడు. వాక్యంలోనూ అంతే. ‘కాల్పులు జరిగాయి’ అంటే తుపాకులు వాటంతటవే పేలినట్టుంటుంది. ‘డయ్యర్ కాల్పించాడు’ అనాలి. దాదాపు 1,650 తూటాలు పేలాయి. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 379 మంది. 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు ఊరి మీద పడినదాన్ని కొందరు దుర్ఘటన అంటారు, కొందరు దురంతం అంటారు. ఎవరు ఏ మాట వాడుతున్నారో చూస్తే, తప్పు ఎవరిదనుకుంటున్నారో తెలిసిపోతుంది.

అన్నట్టు, ఈ మాట బెంగాలీలో ఇంకోలా తిరిగింది. అక్కడ ‘దురంతో’ అంటే కుదురుగా నిలవనిది, ఆగనిది. ఆ పేరు 2009లో రైళ్లకు పెట్టారు. సికింద్రాబాద్ స్టేషన్‌లో బోర్డు మీద ‘దురంతో’ అని చూసి ఉలిక్కిపడ్డ తెలుగు మాస్టార్లలో నేనూ ఒకణ్ని.

విపత్తుల పేర్లు చల్లబడ్డాక ఏమవుతాయో కూడా చూస్తూనే ఉన్నాం. 2004 డిసెంబర్ 26కు ముందు ‘సునామీ’ అనే జపాను మాట మనలో ఎందరికి తెలుసు? ఇప్పుడు వసూళ్ల సునామీ, ఓట్ల సునామీ. మొన్నటి చావు నేటి పొగడ్త. నాకు నచ్చదు, అయినా వాడేవాళ్లను ఆపలేను.

ఇక మాస్టారు వదిలేసిన మాట: వార్షికోత్సవం. దాని లోపలే ‘ఉత్సవం’ కూర్చుని ఉంది. బడికి వార్షికోత్సవం ఉంటుంది, సంఘానికి ఉంటుంది. ఉప్పెనకు ఉండదు. పోనీ ‘ఉప్పెన వర్ధంతి’ అందామా అంటే, వర్ధంతి మనుషులకే. పోయింది ఉప్పెన కాదు, మనుషులు. ‘సంస్మరణ సభ’ అంటే సరిపోతుంది, ఎందుకంటే అక్కడ స్మరించేది వాళ్లనే. ఎన్నేళ్లయిందో చెప్పాలంటే ‘ఉప్పెన వచ్చి ఇన్నేళ్లు’ అని తెలుగులో చెప్పొచ్చు.

కాబట్టి మీ ఫ్లెక్సీ ఇలా ఉండొచ్చు: ‘1977 నవంబర్ 19 – మరిచిపోలేని రోజు – దివిసీమ ఉప్పెన మృతుల సంస్మరణ సభ’. ‘చరిత్రాత్మక’ కూడా అక్కర్లేదు, తేదీ ఉంది కదా.

ఇప్పటికే ప్రింటు చేయించేశారా? ‘చారిత్రాత్మక’లో మొదటి అక్షరం ‘చా’ దీర్ఘం మీద చిన్న తెల్ల కాగితం అంటించండి, సరిపోతుంది. ‘సంఘటన’ను ఉండనివ్వండి. ‘వార్షికోత్సవం’ ఉన్నందుకు మాత్రం, ఖర్చయినా సరే, ఇంకోటి వేయించండి. ఆ సభకు వచ్చేవాళ్లలో ఆ రాత్రి ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు.