అడ్వాన్సు సంగతి తర్వాత, ముందు మనిషిని అడగండి

ప్రశ్న: నేను విజయవాడ సింగ్ నగర్‌లో తాపీ మేస్త్రిని. నా ముఠాలో శ్రీకాకుళం జిల్లా కుర్రవాడు ఒకడున్నాడు. సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చిన దగ్గర్నుంచి మాట తగ్గించేశాడు. మధ్యాహ్నం క్యారేజీ మూత తీయడం లేదు. పరంజా ఎక్కేటప్పుడు బెల్టు పెట్టుకోమంటే "ఉంటే ఎంత, పోతే ఎంత" అంటున్నాడు. మొన్న తన తాపీ, రసమట్టం పక్కవాడికి ఇచ్చేసి, "నాకింక వీటితో పని లేదు" అన్నాడట. అడగాలంటే భయంగా ఉంది. నేను అడిగి లేని ఆలోచన పుట్టిస్తానేమో! పైగా పోలీసులు, కేసులు అంటారేమో. నా దగ్గర అతను కొంత అడ్వాన్సు కూడా తీసుకుని ఉన్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మేస్త్రి గారూ, ఇలాంటి ఉత్తరానికి పత్రిక అచ్చయ్యేదాకా ఆగకూడదు. అందుకే మీకు ముందే ఫోను చేశాను. అప్పుడు మాట్లాడుకున్నదే, మీలాంటి మరో మేస్త్రికి అక్కరకు వస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న సెంట్రింగ్ పని చేసేవారు. ఆయన సుత్తిని ఇంట్లో పిల్లలం ముట్టుకున్నా ఊరుకునేవారు కాదు. ఏళ్ల తరబడి పట్టుకుని పిడి ఆయన అరచేతికి తగ్గట్టు అరిగిపోయి ఉండేది. పనివాడు తన పనిముట్టును ఊరికే ఇచ్చేయడు. అందుకే మీరు రాసిన వాటిలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ తాపీ, రసమట్టమే. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, బతుకు మీద ఖాతరు లేనట్టు మాట్లాడటం, తిండి, నిద్ర, మాట తగ్గడం కలిసి వచ్చాయంటే "కుర్రతనం, రెండు రోజుల్లో సర్దుకుంటాడు" అని వదిలేయకూడదు.

అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. దీని మీద జరిగిన పరిశోధనలు చెప్పేది అదే. మనసులో ఉన్నది బయటపడితే మనిషికి కొంత ఊపిరి ఆడుతుంది. అయితే అడిగే తీరు ముఖ్యం. "పిచ్చి ఆలోచనలేమీ పెట్టుకోలేదు కదా?" అంటే ఎవరైనా "లేదు మేస్త్రీ" అనే అంటారు. ఆ ప్రశ్నలోనే మీకు కావలసిన జవాబు ఉంది మరి. పని దిగాక, నలుగురిలో కాకుండా పక్కన కూర్చుని, "కొన్నాళ్లుగా చూస్తున్నాను, నువ్వు నువ్వులా లేవు. చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. తర్వాత మీరు మాట్లాడకండి. అతను ఎంతసేపు తీసుకున్నా సరే.

ఇక్కడ ఒక చిక్కుంది. మీరు అతనికి మేస్త్రి మాత్రమే కాదు, అప్పు ఇచ్చినవారు కూడా. మీరు దగ్గరికి వస్తే అడ్వాన్సు గురించేనని అతను అనుకోవచ్చు. కాబట్టి మొదటి మాటే "అడ్వాన్సు సంగతి తర్వాత చూసుకుందాం, దాని కోసం రాలేదు" అని ఉండాలి. ఆ మాట మీద నిలబడాలి కూడా. అయినా మీతో మనసు విప్పకపోతే చిన్నబుచ్చుకోకండి. అతనితో ఒకే గదిలో ఉంటూ కలిసి వండుకు తినేవాడు ఎవరో ఉంటాడు. ఆ మాట ఆ గదిలోవాడు అడిగితే బాగుంటుంది.

"అవును" అంటే కంగారు పడొద్దు. "పెళ్లాం బిడ్డల మొహం చూడు" అని మొదలుపెట్టకండి. తాను లేకపోతేనే వాళ్లకు మేలని అతను అప్పటికే అనుకుంటూ ఉండవచ్చు. వినండి. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, మందు తాగనివ్వొద్దు. అతని పక్కనే ఉండి, మనసు బాగోలేనివారికి ఫోనులో సాయం చేసే టెలిమానస్ నంబరు 14416కు కలపండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ ఇది. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం అప్పటికప్పుడే అనిపిస్తే 108కి చేయండి. మర్నాడు పొద్దున్నే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్లండి. తోడు వెళ్లినవాడికి ఆ రోజు కూలి పోకుండా చూడగలిగితే తోడు వెళ్లేవాడు దొరుకుతాడు.

ఇంకొకటి. అతణ్ని పరంజా మీదికి పంపవద్దు. అలాగని పని మానిపించి ఊరి రైలు ఎక్కించేయకండి. కూలీ పోయి, తోటివాళ్లూ దూరమై, దారిలో ఒక్కడే అయిపోతాడు. కింద ఇటుకలు తడపడమో, కొలతలు చూడటమో ఏదో ఒకటి అప్పగించండి. నలుగురి కళ్ల ముందు ఉంటాడు.

కేసు భయం వదిలేయండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. సాయం చేసినందుకు మీమీద కేసు ఎందుకు పెడతారు?

ప్రశ్న: గుంటూరులో ఒక అపార్టుమెంటు సైటుకు ఇంజినీరును. పనివాళ్లలో ఎవరికైనా ఇలా చచ్చిపోవాలనిపించే పరిస్థితి వస్తే కనిపెట్టి ఆదుకునేలా ముందే ఏదైనా ఏర్పాటు చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చమ్మా. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యలతో చనిపోతే, వారిలో నాలుగో వంతుకు పైగా దినసరి కూలీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో నిర్మాణ కార్మికుల కోసం 2008లో "మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్" అనే కార్యక్రమం మొదలైంది. పనివాళ్లలోనే కొందరికి శిక్షణ ఇచ్చి, వాళ్లెవరో తెలిసేలా హెల్మెట్ మీద గుర్తు అంటిస్తారు. వైద్యం వాళ్ల పని కాదు. తోటివాడి తేడా కనిపెట్టడం, అడగడం, సాయం చేసేవారి దగ్గరికి చేర్చేదాకా వదలకపోవడం, అంతవరకే.

మీ సైటులో అలాంటి ఇద్దరు ముగ్గురిని మీరు ఎంపిక చేయకండి. "కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారు?" అని పనివాళ్లనే అడగండి. అన్ని ముఠాల్లోనూ ఒకే పేరు వినిపిస్తే ఆశ్చర్యం లేదు. ఒక్కోసారి అది టీ తెచ్చే ఆమె పేరు కావచ్చు. వాళ్లతో చెప్పుకున్నది కాంట్రాక్టరు చెవిన పడదని అందరి ముందూ మాట ఇవ్వండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం సాయం చేయగలిగినవారికి చెప్పక తప్పదని కూడా అప్పుడే చెప్పండి. ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లుంటే ఆ ముఠాల నుంచి కూడా ఒకరు ఉండాలి. 14416 నంబరును ఆఫీసు గదిలో కాదు, మంచినీళ్ల డ్రమ్ము దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.