బడికి ఏ దారిన పంపాలి?

ప్రశ్న: మాది నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పక్కన ఒక ఊరు. పాప ఏడో తరగతి, బాబు మూడు. బడి రోడ్డుకు అవతలి వైపు, రెండు కిలోమీటర్లు ఉంటుంది. ఆటోలో పిల్లల్ని కుక్కి తీసుకుపోతున్నాడని మాన్పించాను. నడిచిపోవడానికి రెండు దారులున్నాయి. పెద్ద రోడ్డు వెంబడి పోయి డివైడర్ మధ్య సందులో దాటడం ఒకటి. ఊళ్లోంచి పాత బాట పట్టి, కొంచెం కాల్వ కట్ట మీద నడిచి, అండర్‌పాస్ కింద నుంచి పోవడం రెండోది. ఇది అర కిలోమీటరు ఎక్కువ. మా ఆయన దగ్గరి దారే నయమంటున్నారు. మీరేమంటారు?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అండర్‌పాస్ దారేనమ్మా, ఇందులో రెండో మాట లేదు. ఆ అర కిలోమీటరుకు పిల్లలకు ఎనిమిది, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. పిల్లల దారి చూసేటప్పుడు ఎంత దూరం అని కాకుండా ఎక్కడెక్కడ రోడ్డు దాటాలి అని చూడాలి, ఎందుకంటే ప్రాణం మీదికొచ్చేది అక్కడే. నాలుగు వరుసల రోడ్డులో డివైడర్ దాకా దాటడానికే ఏడు మీటర్లుంటుంది, మీ బాబు అడుగులకు ఏడెనిమిది సెకన్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ కాసేపట్లోనే 150 మీటర్లు దాటి వచ్చేస్తుంది, అంటే దాదాపు మూడు కరెంటు స్తంభాల అవతల ఉన్న బండి వాడి మీదికి వచ్చినట్టే. పదేళ్లలోపు పిల్లలకు బండి కనిపిస్తుంది గానీ అది ఎంత స్పీడుగా వస్తోందో అంచనా అందదు. వంద సార్లు చెప్పినా అందదు, అది వాళ్ల వయసు.

ఇక ఆ సందు దగ్గర మీ ఆయనను ఒక్కసారి మోకాళ్ల మీద కూర్చుని చూడమనండి. డివైడర్‌లో గన్నేరు చెట్లు గుబురుగా పెరిగి ఉంటే మనకు వాటి మీద నుంచి లారీ టాపు కనిపిస్తుంది, మూడో తరగతి పిల్లాడికి ఆకులు తప్ప ఏమీ కనిపించవు. పైగా అలాంటి సందుల దగ్గరే బైకులు రాంగ్ రూట్లో వస్తుంటాయి, పిల్లలేమో ఒకవైపే చూసి పరుగెత్తుతారు.

అండర్‌పాస్ దారిలోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. బడి రోజునే, బడి టైముకే పిల్లలతో కలిసి నడవండి, ఆదివారం నడిస్తే అసలు సంగతి తెలియదు. పాపను ముందు నడవనిచ్చి మీరు వెనక ఉండండి, ఎక్కడ భయమేస్తుందో దాన్నే చెప్పమనండి. డెన్మార్క్‌లోని ఒడెన్సే పట్టణంలో 1970లలో బడి దారులు సరిచేయాలనుకున్నప్పుడు ఇలాగే పిల్లల్ని అడిగి, వాళ్లు ప్రమాదమని చూపించిన చోట్లనే మార్చుకుంటూ పోయారు. మీ పాప చెప్పేది కుక్కల గురించి కావచ్చు, బెల్టు షాపు ముందు కూర్చునే వాళ్ల గురించి కావచ్చు. రెండోదైతే దయచేసి తేలిగ్గా తీసుకోకండి, పంచాయతీలో గట్టిగా మాట్లాడండి, అవసరమైతే పోలీసులకు చెప్పండి.

కాల్వ కట్ట మీద పిల్లలు పొలాల వైపే నడవాలి, తమ్ముడి చెయ్యి అక్క చేతిలో ఉండాలి, కాళ్లు కడుక్కోవడానికని కూడా నీళ్లలోకి దిగకూడదు. నీళ్లు వదిలిన రోజుల్లో, వానకు కట్ట జారుడుగా ఉన్న రోజుల్లో, అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచిన రోజుల్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు వెంట వెళ్లక తప్పదు.

ఇంకొకటి, మన జిల్లాలో అందరికీ తెలిసీ ఎవరూ మాట్లాడనిది. కోతలు మొదలయ్యాయంటే ఊరి రోడ్డు సగం వడ్లే. అంచున వరుసగా బండరాళ్లు పెడతారు, పక్కనే టార్పాలిన్ మడత, ఇక పిల్లలకు మిగిలేది ట్రాక్టర్లు పోయే సగమే. రైతుకు కల్లం లేదు, ఆ బాధ నిజమే, కాబట్టి కొట్లాడొద్దు. వడ్లు రెండో అంచుకు మార్చమనో, నడవడానికి మీటరు జాగా వదలమనో ముందే అడిగితే ఎక్కువమంది వింటారు, వాళ్ల పిల్లలూ అదే బడికి పోతారు కదా. రాళ్లు మాత్రం సాయంత్రానికి తీసేయించాల్సిందే.

మీ పిల్లలిద్దర్నే పంపకండి, ఆ వైపు పోయే పిల్లలందర్నీ వాటర్ ట్యాంకు దగ్గరో గుడి దగ్గరో కలవమనండి. ముందొక పెద్ద పిల్ల, వెనకొక పెద్ద పిల్ల, రోజుకొక ఇంటి వాళ్లు అండర్‌పాస్ దాకా వెళ్లి రావడం, పొద్దున పొలానికి పోయే వాళ్లుంటే ఇది పెద్ద కష్టం కాదు. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచున నడవడం మంచిది, కానీ అందుకోసమని రెండుసార్లు రోడ్డు దాటించొద్దు. చలికాలం మంచు పడే రోజులకు బ్యాగుల వెనక రేడియం స్టిక్కర్ అంటించండి.

ప్రశ్న: మా వాడు తొమ్మిదో తరగతి. మెట్టుగడ్డ వైపు నుంచి బడి మూడు కిలోమీటర్లు. ఫ్రెండ్స్ అందరూ స్కూటీలే అంటూ ఇంట్లో రోజూ గొడవ. ఇవ్వొచ్చా?
– ఒక తండ్రి, మహబూబ్‌నగర్

జవాబు: వద్దన్నా. పద్నాలుగేళ్ల వాడికి లైసెన్సు రాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకో బండి ఓనరుకో పడుతుంది: 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మూడు కిలోమీటర్లకు సైకిలు చాలు, పావుగంటలో చేరతాడు. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు నేలకు తగలాలి, ఇంకో రెండేళ్లు వస్తుందని పెద్ద సైకిలు కొనకండి. బ్యాగు హ్యాండిల్‌కు తగిలిస్తే మలుపులో బండి ఒకవైపు లాగుతుంది, వెనక క్యారియర్‌కు కట్టమనండి. మెయిన్ రోడ్డు వదిలి కాలనీ సందుల గుండా దారి ఉంటే, నాలుగు మలుపులు ఎక్కువైనా అటే పోవాలి. మొదటి వారం మీరూ ఇంకో సైకిలు మీద వెంట వెళ్లగలిగితే అంతకంటే కావాల్సింది లేదు.

ప్రశ్న: మా బడి గేటు ముందు స్పీడ్ బ్రేకర్ వేయమని ఎన్నిసార్లు అడిగినా పని కావడం లేదు. ఎవరిని అడగాలి?
– ఒక ఉపాధ్యాయుడు, జడ్చర్ల మండలం

జవాబు: ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి సార్. పంచాయతీరాజ్‌ది, ఆర్ అండ్ బీది, మున్సిపాలిటీది, జాతీయ రహదారుల వాళ్లది, ఒకరి రోడ్డు మీద ఇంకొకరు చెయ్యి పెట్టరు, చాలా దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి. జాతీయ రహదారైతే మామూలుగా స్పీడ్ బ్రేకర్ వేయరు, కాబట్టి జీబ్రా గీతలు, హెచ్చరిక బోర్డులు, సర్వీసు రోడ్డు, గేటును పక్క రోడ్డుకు మార్చడం లాంటివి అడగండి. నిజానికి గేటు మార్చడం మీ చేతిలో పనే, దానికి మాత్రం ఆలస్యం చేయకండి. దరఖాస్తుతో పాటు బడి వదిలే టైములో గేటు ముందు తీసిన ఫోటోలు, పిల్లలు ఎక్కడ దాటుతున్నారో చేత్తో గీసిన పటం పెట్టండి, తల్లిదండ్రుల కమిటీతో సంతకాలు చేయించండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షులు కలెక్టరే కాబట్టి, ఆ కమిటీ సమావేశంలో పెట్టమని దరఖాస్తులోనే రాయండి.