సీలింగ్ లెక్కల గురించి ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అభ్యాస పత్రం చూశాను. తప్పుపోయిన లెక్కలన్నీ సీలింగ్ ప్రమేయం మీదివే. గుణకార భాగహారాలు సరిగ్గానే చేశావు. చిక్కంతా "పైకి సవరించడం" అన్న మాటను నువ్వు అర్థం చేసుకున్న తీరులో ఉంది.

ఒక సంఖ్యకు సీలింగ్ అంటే, దానికి సమానమైన లేదా దానికంటే పెద్దవైన పూర్ణాంకాలన్నిటిలోకీ చిన్నది. ఇందులో "సమానమైన" అన్న మాటను తేలిగ్గా దాటిపోవద్దు. 7.01కి సీలింగ్ 8 అయినా, 7కు సీలింగ్ 7 మాత్రమే. దశాంశ భాగాన్ని కొట్టేసి ఒకటి కలిపే నీ అడ్డదారి ఇక్కడే బోల్తా కొట్టింది.

-2.6కు నువ్వు -3 రాశావు. 2.6కు 3 వస్తుంది కనుక ముందు మైనస్ తగిలిస్తే సరిపోతుందనుకున్నట్టున్నావు. పైకి అంటే సంఖ్యారేఖ మీద కుడివైపుకు అని అర్థం; -2.6 నుంచి కుడికి జరిగితే మొదట తగిలే పూర్ణాంకం -2. ప్రశ్నపత్రం కూర్చేవారికి ఈ పొరపాటు బాగా తెలుసు కనుకనే ఇచ్చిన జవాబుల్లో -3 నిన్ను ఊరిస్తూ కనిపించింది.

సీలింగ్ విలువ ఇచ్చి అసలు సంఖ్యను అడిగినప్పుడు ఒక్క జవాబు కోసం వెతకకుండా అసమీకరణం రాయి. ఒక సంఖ్యను 3తో భాగించి సీలింగ్ తీస్తే 5 వచ్చిందంటే, భాగఫలం 4 కంటే ఎక్కువ, 5కు మించదు. కాబట్టి సంఖ్య 12 కంటే పెద్దది, 15కు మించనిది. 12 చేరదు, 15 చేరుతుంది. అదే విధంగా సీలింగ్ 0 అయిన సంఖ్య 0యే కానక్కరలేదు, -0.4 కూడా కావచ్చు.

ఈ పేరునూ, పైన మాత్రమే అడ్డగీత ఉండే బ్రాకెట్లనూ 1962లో కంప్యూటర్ శాస్త్రవేత్త కెనెత్ ఐవర్సన్ ప్రవేశపెట్టాడు. పరీక్షల్లో మాత్రం ఎవరికి తోచిన గుర్తు వారు వాడతారు. చాలా పుస్తకాల్లో గరిష్ఠ పూర్ణాంకాన్ని, అంటే ఇచ్చిన సంఖ్యకు మించని పూర్ణాంకాల్లో పెద్దదాన్ని, సూచించే చదరపు బ్రాకెట్లనే సీలింగుకు వాడిన ప్రశ్నలూ ఉన్నాయి. గుర్తును నమ్మకు, దాని పక్కన ఇచ్చిన నిర్వచనాన్ని చదువు.

మాటల లెక్కల్లో అసలు గుర్తే ఉండదు. 130 మందిని 40 సీట్ల బస్సుల్లో పంపాలంటే భాగఫలం 3.25, మూడు బస్సులతో పది మంది మిగిలిపోతారు కనుక నాలుగు కావాలి. అదే 130 మీటర్ల తాడులో 40 మీటర్ల ముక్కలు ఎన్ని వస్తాయంటే మూడే. భాగహారం ఒకటే అయినా, మిగిలినదాన్ని వదిలేయవచ్చా లేదా అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది.

తప్పుపోయిన లెక్కలను జవాబులు చూడకుండా మళ్లీ చేసి పంపు.

ఇట్లు,
మీ తాతయ్య