పెరటి గుంటకు ఫౌంటెన్ ఎందుకండీ, చిల్లికుండ చాలు

"ఇంటి వెనక చిన్న నీటిగుంట ఉంది. దాని పక్కన తేనెటీగలు, సీతాకోకచిలుకలు వచ్చేలా తోట వేద్దామని ఉంది. ఫౌంటెన్ పెట్టాలా, చిన్న జలపాతం లాంటిది కట్టించాలా? పాములొస్తాయేమోనని ఇంట్లో భయపడుతున్నారు" అని అడిగారు.

ఫౌంటెన్ వద్దండీ. పెట్టి చెడినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మాది నెల్లూరు జిల్లా, పొదలకూరు వైపు. చుట్టూ నిమ్మతోటలు. మా దొడ్లో గుంట ముచ్చటపడి తవ్వించుకున్నది కాదు. మా నాయన మట్టిగోడల ఇల్లు కట్టేటప్పుడు మట్టి తీసిన గొయ్యి. కొన్నాళ్లు బర్రెలు దిగేవి. అవి పోయాక వాననీళ్లు, బోరు నుంచి పొర్లిన నీళ్లు చేరి అలాగే నిలిచిపోయింది. 14 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు, నడిమధ్యన మొలలోతు. అంతే.

ఓ వేసవిలో నాకు బుద్ధి పుట్టి, 2,800 రూపాయలు పెట్టి సోలార్ పంపుతో నడిచే ఫౌంటెన్ తెచ్చాను. చూడ్డానికి బాగానే ఉంది. పది రోజులకు కలువాకుల మీద నీళ్లు పడీ పడీ ఆకులు కుళ్లడం మొదలైంది. కలువకు నిలవ నీళ్లు కావాలి, చిలకరింపు పడదు. అంతకన్నా పాపం, ఆ అలలకు తేనెటీగలు పడి మునిగిపోయేవి. పొద్దున లేచి వేపరెమ్మ పట్టుకుని ఒక్కోదాన్ని తోడి గట్టు మీద వేయడమే నా పని. తేనెటీగకు ఈత రాదు. దానికి కాళ్లు ఆనించుకునే చోటు కావాలి, అక్కడ తడి ఉండాలి. మన అలంకారం దానికి అక్కర్లేదు.

గట్టుకు రాళ్లు పేరుస్తే సరిపోతుందన్నారు. ఒంగోలులో ఉండే మా తోడల్లుడు చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పంపాడు. నల్లగా, చుక్కలు చుక్కలుగా, అద్దంలా మెరిసే రాయి. మే నెల మధ్యాహ్నం ఆ రాయి మీద చెయ్యి పెడితే బొబ్బ లేస్తుంది. తేనెటీగ ఏం వాలుతుంది? ఇప్పుడవి మా బట్టలుతికే బండ పక్కన పడున్నాయి. తోడల్లుడు వచ్చినప్పుడల్లా వాటి కేసి చూస్తాడు, నేను వేరే మాట ఎత్తుతాను.

చివరికి దారి చూపింది శివాలయం. లింగం మీద ధారపాత్ర చూస్తారు కదా, బొట్టుబొట్టుగా పడుతూ ఉంటుంది. ఇంటికొచ్చి పాత నీళ్లకుండకు అడుగున మేకుతో చిల్లి పెట్టి, అందులో గుడ్డవత్తి దూర్చి, గుంట ఒడ్డున వేపకొమ్మకు వేలాడదీశాను. కింద పగిలిన పెంకులు, కొబ్బరి పీచు, ఇసుక. మా ఆవిడ చూసి "ఈగలకు అభిషేకమా!" అంది. నాలుగో రోజుకు పెంకుల మధ్య పాచి పట్టింది. ఆరో రోజు పొద్దున లెక్కబెడితే ఇరవై మూడు ఈగలు పెంకుల అంచున వరసగా, తోకలు ఆడిస్తూ పీచులోంచి నీళ్లు పీలుస్తున్నాయి. తేటనీళ్ల కన్నా ఆ పాచినీళ్లే వాటికి ఇష్టం. ఎండలకు తేనెపట్టు వేడెక్కితే ఈ నీళ్లు తీసుకెళ్లి లోపల చుక్కలుగా పరిచి, రెక్కలతో విసురుకుంటాయి. మన డెజర్ట్ కూలర్ లాగే. ఒకటే జాగ్రత్త: ఉగాదికి ముందే మొదలుపెట్టండి, మళ్లీ వానలు పడేదాకా ఎండనివ్వకండి. ఒక్కసారి ఎండితే అవి పక్కింటి ట్యాంకు దగ్గరికి పోతాయి, తగవు మీకు.

ఆ ఇసుక తడిలోనే సీతాకోకచిలుకలు కూడా వాలతాయి. అవి పీల్చేది మట్టిలోని ఉప్పుల కోసం, ఎక్కువగా మగవే వస్తాయి. కాబట్టి గట్టంతా సిమెంటు చేయించకండి దయచేసి. మా ఊళ్లో ఈమధ్య ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ దొడ్డంతా టైల్స్ పరిపించేస్తున్నాడు. ఆపైన "పిచ్చుకలు పోయాయి, సీతాకోకచిలుకలు పోయాయి" అని స్టేటస్‌లు పెడతాడు.

మొక్కల సంగతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. తులసి వెన్ను వేస్తే తుంచకుండా వదలండి. రుద్రజడ, తుమ్మి, గడ్డి చామంతి వాటంతటవే వస్తాయి, కలుపని పీకకండి. గుమ్మడి పాదు ఒకటి గుంటవైపు పాకించండి. నర్సరీవాడు ముద్దమందారం, ముద్దబంతి అంటగడతాడు. చూడ్డానికే అవి. రేకులు ముద్దకట్టిన పువ్వులో పుప్పొడి, తేనె దాదాపు ఉండవు, ఉన్నా ఈగకు అందవు. ఒంటిరేకు మందారం అడిగితే ఆ కుర్రాడు నన్ను పిసినారిని చూసినట్టు చూశాడు.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇది. సంక్రాంతి పోయి పది రోజులైంది, నిమ్మ మంచి పూత మీదుంది. పొద్దున ఏడున్నరకు కుండలో నీళ్లు పోద్దామని వెళ్లాను. పెంకుల మీద ఈగలు కదలకుండా ఉన్నాయి. ముందు నీళ్లు తాగుతున్నాయనుకున్నా. దగ్గరికి వంగి చూస్తే కొన్ని వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి, కొన్ని బొంగరంలా ఉన్నచోటే తిరుగుతున్నాయి. చచ్చినవాటి నాలుక బయటికి చాచి ఉంది, సన్నని గోధుమరంగు పోగులా. మందు తగిలి చచ్చిన ఈగకు అలాగే ఉంటుంది. గాలిలో వాసన అప్పుడు తెలిసింది.

పక్క తోటవాడు వరసకు తమ్ముడు. వీపున పవర్ స్ప్రేయరు, ముక్కుకు తువ్వాలు. పూత మీద, ఎండెక్కే వేళ కొడుతున్నాడు.

"ఏం సామీ, ఈ పొద్దునా? ఈగలన్నీ చచ్చిపోతున్నాయి."

"నేను కొట్టేది పురుక్కి అన్నా, ఈగలకు కాదు. అయినా ఆ సీతాకోకచిలుకలు నీ దొడ్లోంచే గదా వచ్చేది? నా చిన్నమొక్కలు మోళ్లు చేశాయి, చూడు పో."

చూశాను. వాడన్నది నిజమే. మనం ముచ్చటగా ఫొటోలు తీసుకునే నల్ల, పసుపు మచ్చల సీతాకోకచిలుక పెట్టే గుడ్లు నిమ్మ లేతాకు మీదే. పిల్లపురుగు పిట్టరెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక పచ్చగా మారుతుంది. తాకితే తలమీద ఎర్రటి కొమ్ముల జత బయటపెట్టి కంపు వదులుతుంది. మా కరివేపాకు చెట్టు మీద కూడా అదే. చిన్న నిమ్మమొక్కకు నాలుగు పురుగులు పడితే ఈనెలు తప్ప మిగలవు. తోటల పుస్తకాలు రాసేవాళ్లు నిమ్మరైతు పక్కన కాపురం చేసి ఉండరు.

రెండు రోజులు మాటల్లేవు. మూడోనాడు నేనే వెళ్లాను. చిన్నమొక్కలు నూటయాభై. పొద్దున్నే ఇద్దరం తలో వరస పట్టుకుని పురుగుల్ని చేత్తో ఏరి మగ్గులో సబ్బునీళ్లలో వేశాం. గంటన్నర పట్టింది. పెద్దచెట్లకు పూత ఉన్నన్నాళ్లు కొట్టనని, తప్పకపోతే పొద్దుగూకాక, ఈగలు పట్టుకు చేరాక కొడతానని ఒప్పుకున్నాడు. మాట సగమే నిలబెట్టుకుంటున్నాడు, ఆ సగానికే నా పెంకుల మీద మళ్లీ ఈగలు కనబడుతున్నాయి. నన్నడిగితే మీరు మొక్కలు కొనేముందు పక్క పొలంవాడితో ఓ పూట టీ తాగండి. మీ తోట ఖర్చులో సగం ఆదా.

దోమల టెన్షన్ ఉంటే గప్పీ చేపలు ఓ ఇరవై వదలండి. గుర్రపుడెక్క మాత్రం పూలు బాగున్నాయని తెచ్చి వేయకండి, రెండు నెలల్లో నీళ్లు కనబడవు.

ఇక పాములంటారా, వస్తాయి. కప్పలున్నచోటికి రాక ఎక్కడికి పోతాయి? మా గుంటలో ఉన్నది నీరుకట్టు, విషం లేదు. మా ఆవిడ మొదట్లో కేకలు పెట్టేది. ఇప్పుడు గిన్నెలు కడిగిన నీళ్లు పారబోయబోతూ "జరుగు, జరుగు" అంటుంది, అది జరుగుతుంది. అలాగని చీకట్లో చెప్పులూ టార్చీ లేకుండా గట్టు మీదికి వెళ్లకండి. వచ్చేది ప్రతిసారీ నీరుకట్టే అని రాసిపెట్టి లేదు.