కంగారులో చేతులు తప్పు పనే ముందు చేస్తాయి

చిన్నీ,

పాప గొంతులో పల్లీ గింజ అడ్డం పడిందని, దగ్గి దగ్గి తనే కక్కేసిందని నిన్న చెప్పావు చూడు, అప్పటినుంచి మనసు అక్కడే ఉంది. ఫోన్లో చెబితే "సరే పిన్నీ" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా, మీ అత్తగారికి కూడా చదివి వినిపించు.

దగ్గుతోందంటే మంచిదే, దగ్గనివ్వు. దగ్గూ ఏడుపూ రెండూ ఆగిపోయి మొహం నీలంగా మారుతుంటే అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే నువ్వు పాపని ముంజేతి మీద బోర్లా వేసుకో, దవడ నీ వేళ్ల మధ్య ఉండాలి, తల ఒంటికన్నా కిందికి ఉండాలి, నీ చెయ్యి తొడ మీద ఆనించుకో. వీపు మీద రెండు రెక్కల మధ్య, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ఐదు దెబ్బలు వెయ్యి. గట్టిగానే వెయ్యి, జోకొట్టినట్టు కాదు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద ఐదుసార్లు నొక్కు, మళ్లీ దెబ్బలు. ఇది ఏడాదిలోపు పిల్లలకి. నోట్లో వేలు పెట్టి కెలికితే మాత్రం కనిపించని గింజని నువ్వే లోపలికి తోసినట్టు. అత్తగారు అదే చేసి ఉంటారు, కోప్పడకు, మా అమ్మా అంతే. నాలుగైదేళ్లొచ్చేదాకా పల్లీలు పొడి కొట్టి పెట్టండి.

ఇక వంటిల్లు. నేను క్యాజువాలిటీలో పనిచేసినన్నాళ్లూ కాలినచోట టూత్‌పేస్టు, పసుపు, ఇంకు, ఏది చేతికి దొరికితే అది పూసుకొచ్చేవాళ్లు. గాయం ఎంత లోతో డాక్టరు చూడాలంటే ముందు అదంతా మేం కడగాలి. ఎండిపోయిన పేస్టుతో పాటు పొక్కు మీది తోలు కూడా ఊడొస్తుంటే, కాలినప్పటికన్నా అప్పుడే ఎక్కువ ఏడ్చేవాళ్లు. చెయ్యాల్సిందల్లా కుళాయి కింద 20 నిమిషాలు పెట్టడమే, గడియారం చూసుకుని మరీ. మంట తగ్గింది కదా అని రెండు నిమిషాలకే తీసేస్తారు, కానీ చర్మం లోపల వేడి అలాగే ఉంటుంది. ఐసు వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యి, అంటుకున్న బట్టని లాగొద్దు.

మామయ్యగారు రాత్రిపూట మోటారు వెయ్యడానికి పొలం వెళ్తారు కదా, టార్చి లేకుండా పంపకండి. పాము కరిస్తే తాడు బిగించడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం, మంత్రం, ఏదీ వద్దు. కాలు కదలకుండా ఉంచి, నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాముని చంపి సంచిలో వేసుకెళ్లక్కర్లేదు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఇచ్చే మందు ఒకటే. కట్లపాము కాటైతే ఒక్కోసారి నొప్పీ ఉండదు, గాటూ కనపడదు. నేలమీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అన్నా, కనురెప్పలు వాలిపోతున్నా అనుమానించాల్సిందే. ఆ మందు మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉంటుందో ఈ వారంలోనే కనుక్కోండి.

కుక్క కరిస్తే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు టీకాకి వెళ్లాలి, కారం, సున్నం పెట్టొద్దు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం కాదు, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

గుండె ఆగితే ఛాతీ నొక్కడం మాత్రం ఉత్తరంలో చదివితే రాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతు. వినడానికి తేలికే, రెండు నిమిషాలు నొక్కేసరికి భుజాలు పడిపోతాయి. రెడ్‌క్రాస్ వాళ్లూ, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లూ బొమ్మ మీద నేర్పుతారు, నువ్వూ మీ ఆయనా వెళ్లండి. వీడియో చూశాంలే అనకు, ఈత వీడియో చూసి ఎవరూ బావిలో దూకరు. రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే కేసు మెడకి చుట్టుకుంటుందని మీ ఆయన వెనకాడొద్దు, 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్లని పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు.

దసరాకి వస్తారుగా, ఒక దిండు వేసి మీ ఇద్దరి చేతా నొక్కించి చూస్తా. అత్తగారిని కూడా తీసుకురా, ఆవిడ చేతుల్లో నీకన్నా బలం ఎక్కువ.

నీ పిన్ని