ప్లేటో దగ్గరికి ఏ దారిన వెళ్లాలి

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

ఎం.ఏ.లో గ్రీకు రాజనీతి పేపర్ తీసుకున్నావనీ, ప్లేటో రాసిన 'రిపబ్లిక్' యాభై పేజీలు చదివి పక్కన పెట్టేశావనీ మీ అమ్మ చెప్పింది. టెన్షన్ పడకు. ఇరవై ఎనిమిదేళ్లు ఈ పాఠమే చెప్పాను. నేరుగా ఆ పుస్తకం అందుకున్న పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోయారు.

ముందు 'అపాలజీ' చదువు, ఒక సాయంత్రం చాలు. తన గురువు సోక్రటీస్ విచారణలో చెప్పుకున్న సమాధానాన్ని ప్లేటో అందులో రాశాడు. క్రీ.పూ. 399, ఏథెన్స్. చీట్లు తీసి ఎంపిక చేసిన వందలమంది మామూలు పౌరుల ముందు డెబ్బై ఏళ్ల సోక్రటీస్ నిలబడి ఉంటాడు. ఇంకో 30 ఓట్లు ఇటు పడితే బయటపడేవాణ్ణని ఆయనే అంటాడు. ఆ మాట దగ్గర కాసేపు ఆగు. ఆ రోజు ప్లేటో అక్కడే ఉన్నాడు, ముప్పై నిండని కుర్రాడు. అంతకు ఐదేళ్ల ముందు 30 మంది పెద్దింటివాళ్లు అధికారం లాక్కుని ఎందరినో చంపించారు. వాళ్ల నాయకుడు క్రిటియాస్ ప్లేటో తల్లి తరఫు చుట్టం. కొద్దిమంది పాలన సొంతవాళ్ల చేతుల్లో ఎలా తగలబడిందో చూశాడు. అందరి పాలన గురువు ప్రాణం తీయడమూ చూశాడు. ఇక మిగిలిందేమిటి? 'రిపబ్లిక్' ఆ దుఃఖంలోంచి వచ్చిందనే నా నమ్మకం.

ఇప్పుడు 'రిపబ్లిక్' ఆరో భాగంలో, రాజ్యాన్ని ఓడతో పోల్చిన కథ తెరువు. యజమాని ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే గానీ చూపూ వినికిడీ అంతంతమాత్రం. చుక్కాని నాకంటే నాకని నావికులు కొట్టుకుంటుంటారు. చుక్కల్నీ గాలినీ తెలిసినవాణ్ణి ఉత్త కబుర్లరాయుడంటారు. ఆ మాటపడ్డవాడి ముఖంలో సోక్రటీస్ కనిపిస్తే, తత్వవేత్తే రాజు కావాలన్న ప్లేటో మాట నీకు వింతగా ఉండదు.

నేనైతే ఒప్పుకోను. చుక్కలు తెలిసినవాడు పొరపడితే ఆపేదెవరు? ముసలితనంలో రాసిన 'లాస్'లో, పాలకులు చట్టానికి సేవకులుగా ఉండాలని ప్లేటోనే అన్నాడు. అందుకే అది కూడా కొంతైనా చదవాలి.

అరిస్టాటిల్ 'పాలిటిక్స్' మాత్రం నాలుగో భాగంతో మొదలుపెట్టు. అన్నిటికన్నా గొప్ప రాజ్యం ఏదని అడిగి ఊరుకోడు, ఎక్కువ రాజ్యాలకు అందేది ఏదని కూడా అడుగుతాడు. డబ్బున్నవాళ్లకీ లేనివాళ్లకీ నడుమ మధ్యతరగతి పెద్దదిగా ఉంటే కుమ్ములాటలు తగ్గుతాయంటాడు. బానిసల గురించి, ఆడవాళ్ల గురించి రాసింది చూస్తే నీకు కోపం వస్తుంది. రావాలి కూడా, ఆ పేజీలు దాటేయకు. మూడో భాగంలో పౌరుడంటే ఎవరో అంత ఓపిగ్గా తేల్చిన ఆయన ఉత్తరాన స్టాగిరా అనే ఊరి నుంచి వచ్చినవాడు, ఏథెన్స్‌లో పౌరుడు కాడు. అది గుర్తుపెట్టుకుని చదువు.

నా పాత 'రిపబ్లిక్' అమ్మతో పంపిస్తున్నాను. మొదటి భాగం చివర, న్యాయమంటే ఏమిటని సోక్రటీస్‌తో వాదానికి దిగిన త్రాసిమాకస్ నిజంగా ఓడిపోయాడో, విసిగి ఊరుకున్నాడో నీ మాటల్లో ఒక పేజీ రాసి నాకు పంపు.

మీ మావయ్య