తలనొప్పి లేదుగా, మాత్ర ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మూడు నెలలుగా ఎప్పుడు చూసినా బీపీ 160/100 దగ్గరే ఉంటోంది. డాక్టరు రాసిన మాత్ర వేసుకోరు. "బీపీ పెరిగితే తల బరువెక్కుతుంది, నాకు తెలిసిపోతుంది" అంటారు. పైగా మాత్రలతో కిడ్నీలు పోతాయనే వీడియోలు వెతికి నాకే పంపుతున్నారు. గొడవపడీ పడీ విసిగిపోయాను. ఏం చేయను?
– పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఆ గొడవ ఆపండమ్మా. మీ నాన్నగారు వెతుకుతున్నది తన మాటకు సాక్షుల్ని. 'బీపీ మాత్రల వల్ల నష్టాలు' అని అడిగితే ఫోను అవే చూపిస్తుంది. 'మాత్ర వేసుకోకపోతే ఏమవుతుంది' అని ఆయన ఒక్కసారైనా అడిగి ఉండరు.

నేనూ తక్కువ తినలేదు. డాక్టర్నై ఉండి, మా ఇంటావంటా లేదు కదా అని షుగరు పరీక్ష రెండేళ్లు వాయిదా వేశాను. చివరికి మా ఆవిడ రక్తం తీసే అబ్బాయిని ఇంటికే పిలిపిస్తే చేయి చాపాను. 1950లలో అమెరికాలో క్షయ కోసం ఎక్స్‌రే బళ్లను వీధుల్లోకే తెచ్చి ఉచితంగా తీస్తామన్నా చాలామంది రాలేదు. హాక్‌బామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆరా తీశాడు. తనకూ రావచ్చు, ముందే కనిపెడితే మేలు అని నమ్మినవాళ్లలో 100కి 82 మంది ఎక్స్‌రే తీయించుకున్నారు. ఆ రెండూ నమ్మనివాళ్లలో 21 మందే.

బీపీ పెరిగితే తనకు తెలిసిపోతుందన్న మీ నాన్నగారి నమ్మకాన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. పై చేతికి కట్టే బీపీ మిషన్ తీసుకోండి. ఏడు రోజులు, పొద్దునా సాయంత్రమూ, కట్టేముందు "ఇప్పుడెంత ఉండొచ్చు నాన్నా?" అని అడిగి ఆయన చేతే రాయించండి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తున పెట్టి కూర్చున్నాక చూసి, అసలు అంకె పక్కనే రాయమనండి. ఇంట్లో 135/85 దాటితే ఎక్కువే. మీరు మాత్రం ఒక్క మాటా అనొద్దు. అదే మీకు కష్టం, తెలుసు.

కిడ్నీల భయం ఉత్తదేం కాదు. కొన్ని మాత్రలు మొదలుపెట్టాక రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం మేమూ చూస్తాం. కానీ అదుపు తప్పిన బీపీ కిడ్నీలను దెబ్బతీస్తుందన్న సంగతి ఆ వీడియోల్లో ఉండదు. ఆ కాగితంతోపాటు కిడ్నీల ప్రశ్న కూడా పట్టుకుని మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి ఆయన్నే వెళ్లమనండి. ఈలోగా వేసుకుంటానంటే మరీ మంచిది.

180/120 దాటి, ఛాతీలో నొప్పిగానీ మాట తడబాటుగానీ చేయీ కాలూ పట్టు తప్పడంగానీ కనిపిస్తే, కాగితం పక్కన పడేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.